తెల్వదన్న మేడమ్

మేడమ్ పోయారని ఇన్‌స్టిట్యూట్ వాట్సాప్ గ్రూపులో చూసిన రోజు నాకు ఏడుపు రాలేదు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే నేనూ ఒకటి పెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరుగెత్తాను. ఏడుపు వచ్చింది పన్నెండు రోజుల తరువాత, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో, కిటికీకి దోమల జాలీ కొనబోయినప్పుడు. దుకాణదారు బల్ల మీద ఆకుపచ్చ జాలీ పరిచాడు. దానిమీదే నీలం జాలీ పరిచి "ఏ రంగు గావాలె మేడం?" అన్నాడు. పై జాలీ కాస్త వంకరగా పడింది. ఆ వంకరలోంచి పెద్ద పెద్ద గుండ్రటి మచ్చలు వరసగా తేలాయి. అతను జాలీని సర్దుతున్నకొద్దీ ఆ మచ్చలు ఇంకా పెద్దవై, రెండూ సరిగ్గా కలిసేసరికి మాయమైపోయాయి.

"మళ్ళీ వంకరగా పెట్టండి" అన్నాను.

"వంకరనా? గట్ల బిగిస్తే మంచిగుండదు మేడం" అన్నాడు. అప్పటికే నా కళ్ళు నిండిపోయాయి. కంట్లో దుమ్ము పడిందనుకొని పాపం మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. ఏ రంగూ కొనకుండానే బయటికి వచ్చేశాను.

మా ఇన్‌స్టిట్యూట్ ఎలాంటిదో చెబితేగాని మేడమ్ ఎలాంటివారో చెప్పలేను. మెట్రో స్తంభాల పక్కన, కింద చెప్పుల దుకాణం, పైన మేము. గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ ఇచ్చే చోటు. నేను భూగోళం చెబుతాను. మేడమ్ సైన్స్ అండ్ టెక్నాలజీ చెప్పేవారు. మా దగ్గరకు వచ్చేవాళ్ళు పిల్లలేం కాదు. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి చూసి హాస్టల్ గదుల్లోనే జుట్టు పలచబడినవాళ్ళు, చంటిబిడ్డను అత్తగారికి అప్పగించి వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళకు ప్రపంచమంతా బిట్లే. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అందులో ఒకటి ఒప్పు. ఆ నాలుగింటిలో లేనిది సృష్టిలోనే లేనట్టు లెక్క. నిజం చెప్పాలంటే నాకూ అదే హాయి. గోదావరి ఎక్కడ పుట్టిందంటే నిన్నా నేడూ ఒకటే జవాబు కదా.

మేడమ్ హాయి ఇంకెక్కడో ఉండేది. యాభై దాటిన మనిషి. నూలుచీర, స్కూటీ, భుజాన ఒక పెద్ద సంచి. ఎల్బీనగర్ వైపు పాత ఊరివాళ్ళు. ఒకప్పుడు వాళ్ళు జొన్నలు వేసిన నేలంతా ఇప్పుడు కాలనీలు. తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో ఉంటున్న నన్ను చూస్తే ఆవిడకు సరదా. "మీ ఇంటి కాడ మా తాత బర్లను కట్టేసెటోడు చెల్లె. జర మంచిగ చూస్కో జాగను" అనేవారు. అన్నదమ్ములంతా ప్లాట్ల వ్యాపారంలో ఉన్నారు. ఆవిడ పాఠం చెప్పి బతకాల్సిన అవసరం లేదని అందరికీ తెలుసు. అయినా ఒక్క రోజు క్లాసు ఎగ్గొట్టేవారు కాదు.

ఆ సంచిలో ఎప్పుడూ రెండు దోమల జాలీ ముక్కలు ఉండేవి. పెళ్ళికి వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా అవి వెంట ఉండాల్సిందే. కొత్తగా పరిచయమైన మనిషి ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు, ఆ ముక్కలు బయటికి వచ్చేవి. నాతో మొదటిసారి టిఫిన్ తింటున్నప్పుడే, ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపి, ఒకదాని మీద ఒకటి పరిచారు.

"పెన్సిల్ ములుకుల ఉండే కర్బనం ఎరుకేనా? దాన్నుంచి ఒక్క పొర తీస్తరు. ఒక్క పరమాణువు మందం, గంతే. గ్రాఫీన్ అంటరు. అచ్చం గీ జాలీ లెక్కనే ఉంటది. దీనికి నాలుగు మూలల కన్నాలు, దానికి ఆరు మూలలవి."

"సరేనండి."

"గసువంటి పొర మీద ఇంకో పొర పెట్టి, జరంత తిప్పిర్రు. ఒక్క డిగ్రీ, దాని మీద ఇంకింత. తిప్పి మస్తు చల్లగ చేసిర్రు. సున్నాకు రెండొందల డెబ్బై డిగ్రీల కింద. ఏమయిందో చెప్పు?"

"ఏమైందేంటి?"

"కరెంటుకు అడ్డే లేకుండ పోయింది! వైరు వేడెక్కుతది చూసినవా, గది లేదు. పారుతనే ఉంటది. అతివాహకత. సీసంల, పాదరసంల వస్తదని ఎప్పటినుంచో తెల్సు. బొగ్గుకు చుట్టమైన దాంట్ల, ఉత్తగ ఇంత తిప్పితే వస్తదని ఎవ్వడు అనుకోలే."

చెబుతూ కుడిచేతి మణికట్టు కాస్త తిప్పేవారు. మూత బిగించేటప్పుడు ఆఖరున ఒక చిన్న మెలి పెడతామే, అంత. ఆ మెలి ఆవిడ చేతికి అలవాటైపోయింది. టిఫిన్ డబ్బా మూత పెట్టినా, స్టాఫ్ రూములో నా పుస్తకాలు సర్దినా, పైది కిందదాని మీద అంత వంకరగా ఉండేది. గోడ మీద క్యాలెండర్ వంకరగా వేలాడుతుంటే నేను సరిచేసేదాన్ని, ఆవిడ మళ్ళీ వంచేవారు. ఒకసారి విసుక్కుంటే "ఉండనీ చెల్లె, ఏమన్న అయితదేమో సూద్దాం" అన్నారు.

ఆ ఒకటింబావు డిగ్రీ కూడా లేని కోణం ఎంతో క్లాసులో చూపించిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. నా క్లాసు ఆవిడ క్లాసు తరువాత. ముందే వచ్చి కూర్చున్నాను. మేడమ్ గోడ గడియారం వైపు చూపించి అన్నారు. "నిమిషాల ముల్లు చూడుర్రి. పదకొండు సెకండ్లు ఆగుర్రి. ఎవ్వరు మాట్లాడొద్దు." రెండు వందల మంది నోళ్ళు మూసుకొని గడియారం వైపు చూశారు. కింద ఆర్టీసీ బస్సు హారను, పైన మెట్రో వెళ్ళిన చప్పుడు. పదకొండు సెకన్లు అయ్యాక "గంతే. గంత తిప్పితే లోకం మారింది" అన్నారు. ఒకతను చెయ్యెత్తి "మేడమ్, ఇది బిట్టొస్తదా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు, "వస్తే రాయి, రాకుంటె ఇంటికి పోయి మీ అవ్వకు చెప్పు" అని.

వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడంలో ఆవిడకు సాటి లేదు. తిప్పితే ఏమవుతుందంటే ఇలా చెప్పారు. "బండి జోరుగ పోతుంటే పక్క బండి మీద ఎవడున్నడో సూస్తమా? కొత్తపేట సిగ్నల్ కాడ ఆగితే సూస్తం. ఒకనితోని ముచ్చట పెడతం, ఇంకొకనితోని లొల్లి పెట్టుకుంటం. గట్లనే, ఆ కోణంల ఎలక్ట్రాన్లు నెమ్మదైతయి. నెమ్మదైనంక ఒకదాన్నొకటి పట్టించుకుంటయి." అక్కడ ఆగి, కళ్ళు చికిలించి, "కొన్నిసార్లు లొల్లి జేసి కరెంటునే బంద్ పెడతయి. ఎలక్ట్రాన్లను జర ఎక్కువ తక్కువ చేస్తే చాలు, అదే పొరల జతకట్టి పారుతయి. గదే నాకు నిద్ర పట్టనిస్తలేదు" అనేవారు.

బోర్డును నిలువుగా రెండు చేసేవారు. ఎడమవైపు తెలిసినవి, కుడివైపు తెలియనివి. ఎడమవైపున సీసం, పాదరసం ఉండేవి. వాటిలో పరమాణువుల ఊగులాటే మధ్యవర్తి, ఒకదాన్నొకటి తోసుకునే ఎలక్ట్రాన్లను అదే జతకట్టిస్తుంది. కుడివైపున మెలితిప్పిన కర్బనం ఉండేది. "దీంట్ల మధ్యవర్తి ఎవరో తెల్వదు. ఊగులాటే అంటరు కొందరు. కాదు, ఎలక్ట్రాన్లు వాటికవే కుదుర్చుకున్నయంటరు ఇంకొందరు. రెండు కల్సి చేసినయంటరు మరికొందరు. ఎవరి దగ్గర వాళ్ళ లెక్కలున్నయి." నేను వెనక నుంచి చూసేదాన్ని. రెండు వందల మందీ ఎడమవైపు మాత్రమే రాసుకునేవారు. కుడివైపు వచ్చేసరికి పెన్నులు కింద పెట్టి వేళ్ళు విరుచుకునేవారు. ఆవిడకు అది తెలుసు. అయినా కుడివైపే పెద్ద అక్షరాలతో రాసేవారు.

కర్బనమొకటే కాదు, దేన్నీ వదిలిపెట్టేవారు కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు తరలిపోయిన మరుసటి ఎండాకాలం, ఆ పక్కనుంచి నడుస్తూ ఆగిపోయి "మామిడి వాసన వస్తుంది గదా? మార్కెట్ లేదు, పండు లేదు, మరి ఎట్ల వస్తుంది?" అన్నారు. నాకేం రావడం లేదన్నాను. రోడ్డు పక్కన చెరుకురసం అమ్మే ఆయన్ని అడిగారు. ఆయనకు వస్తోందట. టైలరును అడిగారు. ఆయనకు రావడం లేదట. ఎండలో అరగంట నిలబెట్టి ఎనిమిది మందిని అడిగించారు నాచేత. నాకు తలనొప్పి వచ్చింది, ఆవిడకు మాత్రం ఆ సాయంత్రమంతా పండగే.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గ్రాండ్ టెస్టు పేపరు ప్రెస్సుకు పోయే ముందు, వేరే సబ్జెక్టు వాళ్ళొకరు కూర్చొని, కీ చూడకుండా, విద్యార్థిలాగా ఆ పేపరు రాయాలి. తరువాత కీతో పోల్చి, "సరిచూసినవారు" అన్నచోట సంతకం పెట్టాలి. సబ్జెక్టు తెలిసినవాడు తన తప్పు తను చూడలేడని డైరెక్టర్ గారి సిద్ధాంతం. ఆ వారం సైన్స్ పేపరు నాకు వచ్చింది. ప్రశ్నలు బయటివాళ్ళు తయారుచేసినవి. మామూలుగా మేడమ్ ఒకసారి చూసేవారు. ఆ రోజు నిమజ్జనం. బాలాపూర్‌లో లడ్డూ వేలం చూడటానికి వాళ్ళింటికి బంధువులంతా దిగారు, ఆవిడ సెలవులో ఉన్నారు.

ప్రశ్న ఇది: మెలితిప్పిన రెండు పొరల గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు జతకట్టడానికి కారణం ఏది? పరమాణువుల కంపనాలు, గురుత్వాకర్షణ, ఉష్ణోగ్రత పెరుగుదల, కాంతి. కీలో మొదటిది. ఎవరో సీసానికి ఉన్న జవాబును తెచ్చి, కొత్తగా కనబడాలని కర్బనానికి తగిలించారు. భూగోళం చెప్పేదాన్నే అయినా నాకు ఆ తప్పు తెలిసింది. తెలియకేం, ఏడాదిగా ఇడ్లీతో పాటు తింటున్నది అదే కదా. పెన్సిలుతో ఆ ప్రశ్న పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఒక్క నిమిషం చూశాను. తరువాత రబ్బరు తీసుకొని తుడిపేశాను. సంతకం పెట్టి ఇచ్చేశాను.

కీ చర్చించే రోజు మేడమ్ క్లాసు నిండిపోయింది. గుమ్మం దగ్గర కూడా నిలబడ్డారు. ఆ ప్రశ్న రాగానే ఒకమ్మాయి లేచింది. "మేడమ్, మీరేమో తెల్వదని కుడిపక్క రాసిర్రు. కీల ఒకటి అని ఉంది. ఏది రాయాలె?"

మేడమ్ పేపరు కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదివారు. "కీ తప్పు" అన్నారు.

"మరి కరెక్టు ఆన్సర్ ఏది మేడమ్?"

"లేదు."

"లేకుండ ఎట్లుంటది?"

"తెల్వదు బిడ్డా. నాకు తెల్వదు. దాన్ని పట్టుకున్నోళ్ళకు గూడ ఇంకా పక్కాగ తెల్వదు."

అంతవరకే ఎవరో ఫోనులో తీశారు. "నాకు తెల్వదు" దగ్గర కోసేసి, మేడమ్ రెండు చేతులూ చాపిన బొమ్మతో సాయంత్రానికి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళన్నీ తిప్పేశారు. కింద రకరకాల వెక్కిరింతలు. తెల్వదన్న మేడమ్ అనే పేరు అప్పుడు వచ్చిందే. మా వీధిలో "తెలియదు" అన్న లెక్చరరంటే కుంటికాలు మీద నిలబడ్డ గుర్రమే. పక్క ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి.

మర్నాడు డైరెక్టర్ గారు మేడమ్‌నూ నన్నూ పిలిచారు. ఆయన నిజానికి చెడ్డవాడు కాదు, భయస్తుడు. "మేడమ్, క్లాసుల గట్లనొద్దు. ఏదో ఒకటి చెప్పాలె గదా" అన్నారు. మేడమ్ "ఏదో ఒకటి చెప్తే అబద్ధమైతది సార్. ప్రశ్న తీసేసి అందరికి మార్కు కలుపుర్రి, గంతే" అన్నారు. అప్పుడు ఆయన నావైపు తిరిగారు.

"మీరే గదా సరిచూసింది? మీకేమన్న అనుమానం వచ్చిందా అమ్మా?"

మేడమ్ కూడా నావైపు చూశారు. ఆశగా అనను, ఏం చెబుతానో తెలుసుకుందామని.

"లేదండి, రాలేదు" అన్నాను.

పై వారం నుంచి సాయంత్రం పెద్ద బ్యాచి మరొకాయనకు వెళ్ళింది. వాక్యానికొకసారి "గుర్తు పెట్టుకోండి" అనే మనిషి. మేడమ్‌కు ఎల్బీనగర్ బ్రాంచిలో ఆదివారం పొద్దున రివిజన్ క్లాసు ఇచ్చారు. పాతిక ముప్ఫై మంది, అందులో సగం ఆవులింతలు. రెండు వందల మందికి కుడివైపు బోర్డు చూపించే మనిషికి అది ఎంత పెద్ద దెబ్బో నాకు తెలుసు. ఆవిడ మాత్రం ఆదివారాలు అక్కడ చెప్పుకొని, బుధవారాలు పనిగట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి నాతో టిఫిన్ తినేవారు. ఒకసారి కళ్ళు మెరిపిస్తూ వచ్చారు. ఆ రెండు పొరలనూ కావలసిన కోణంలో పెడితే, వేడి తగిలేసరికి మళ్ళీ వెనక్కు జారతాయట. అందుకని ముందే కాస్త ఎక్కువ తిప్పి పెట్టుకుంటారట. "మన మేస్త్రీల లెక్కనే చెల్లె. జారుతదని ఎరుకై, జర ఎక్కువ పెట్టుకుంటరు" అని ఇడ్లీ చల్లారిపోయేదాకా చెప్పారు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆ బుధవారాలు నాకు ముద్ద దిగేది కాదు.

అలా మూడేళ్ళు.

మొన్న దసరా వెళ్ళాక ఆవిడ దవాఖానలో ఉన్నారని తెలిసి వెళ్ళాను. మధ్యాహ్నం, చూడటానికి వదిలే వేళ. కిడ్నీలు. మనిషి సగమయ్యారు. పక్కన కూర్చున్న ఆవిడ వదిన చాయ్ తాగి వస్తానని బయటికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అనిపించింది.

"మేడమ్, ఆ గ్రాండ్ టెస్టు పేపరు గుర్తుందా? ఆ ప్రశ్న పక్కన నేను పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. తప్పని తెలిసే పెట్టాను. తరవాత తుడిపేశాను. డైరెక్టర్ గారడిగితే అనుమానం రాలేదన్నాను. వచ్చిందండి."

తిడతారనుకున్నాను. లేదా, పెద్దమనసు చేసుకొని, పోనీలే అంటారేమో, అది ఇంకా భరించలేను అనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు. దిండు మీద తల నావైపు తిప్పి, గడ్డిఅన్నారంలో మామిడి వాసనప్పుడు చూసినట్టు చూశారు.

"అట్లనా? ఎందుకు తుడిపినవ్?"

"ప్రెస్సువాళ్ళు తొందర పెట్టారు."

"వాళ్ళు రోజు పెడతరు. గది కాదు. ఇంకోటి చెప్పు."

"డైరెక్టర్ గారంటే భయం."

"నీకా? ఫ్యాన్ తిరుగుతలేదని ఆయన గదిలకు పోయి లొల్లి జేసినదానివి."

"మీ క్లాసు కిక్కిరిసిపోయేది. నా క్లాసుకు సగం మంది లేచిపోయేవాళ్ళు. కుళ్ళు మేడమ్."

ఆవిడ కళ్ళు మూసుకొని ఆలోచించారు. నొచ్చుకున్నట్టు కాదు, లెక్క సరిచూస్తున్నట్టు. "ఉండొచ్చు. గది కొంత ఉండొచ్చు. గదొక్కటేనా మరి?"

ఆ నిమిషాన్ని నేను నిజంగా వెనక్కి వెళ్ళి చూశాను. బల్ల, పేపరు, నా చేతిలో రబ్బరు. కుళ్ళే అయితే ప్రశ్నార్థకం పెట్టడమెందుకు? భయమైతే పెట్టగానే రావాలి కదా. ఆ ఒక్క నిమిషంలో నాలో ఏం తిరిగిందో నాకే అంతుపట్టలేదు.

"తెలియదు మేడమ్" అన్నాను. "నిజంగా తెలియదు."

ఆవిడ నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను కోప్పడింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకున్నారు. "జల్ది ఏదో ఒకదానికి టిక్కు పెట్టకు. నెమ్మదిగ ఆలోచించు. మల్లొచ్చినప్పుడు నాకు గూడ చెప్పు" అన్నారు.

క్షమించారా అని అడగలేదు. ఆ ప్రశ్న మీద ఆవిడకు ఆసక్తి లేదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఆదివారం వెళ్దామనుకున్నాను. గురువారమే పోయారు. ఆలోచిస్తున్నాను మేడమ్, రోజూ కాసేపు. ఒకవేళ తెలిస్తే ఎవరికి చెప్పాలి?